నూకరత్నం ఇంటి నీళ్ల బాయిలరు

నూకరత్నమని ఒకావిడ ఉండేదంట, కోనసీమలో, కాలవ పక్కనే ఇల్లు. మొగుడు దొరబాబు కొబ్బరి దింపుకెళ్లేవాడు. ఆ ఇంట్లోనే అత్తగారు సూరాయమ్మ, తోటికోడలు భూలక్ష్మి, ఆవిడ చంటిపిల్ల. మరిదికి బయటూళ్లో పని, ఎప్పుడో వచ్చిపోతుండేవాడనుకోండి. ఇంతమందికీ పెరట్లో ఒకటే రాగి బాయిలరు. మీరూ చూసే ఉంటారు, నడుమ గొట్టంలో కొబ్బరి డొక్కలేసి మంటెడితే చుట్టూ నీళ్లు కాగుతాయి, పైన గరాటులో చెంబుడు చన్నీళ్లు పోస్తే పక్కనున్న కొమ్ములోంచి చెంబుడు వేణ్ణీళ్లొస్తాయి. అంతే దాని పని. ఏమైందంటే, ఆ చలికాలం అది ఆ పని మానేసింది.

పొద్దున్నే లేచి నూకరత్నం మంటెడతది, ఊదతది, పొగంతా ఆవిడ కళ్లల్లోకే. డొక్కలు భగభగా మండుతాయి. బాయిలరు ఒంటిమీద చెయ్యేస్తే చుర్రుమంటది. తీరా గరాటులో నీళ్లు పోస్తే కొమ్ములోంచి ఏమొస్తాయి, చన్నీళ్లు. మళ్లీ డొక్కలేసింది, మళ్లీ చన్నీళ్లే. బూడిద దులిపింది, కింద జల్లెడ గోకింది, మళ్లీ మంటెట్టింది, మళ్లీ చన్నీళ్లే. మొగుడ్ని పిలిస్తే ఆయనొచ్చి నడుంమీద చేతులేసుకుని చూసి, డొక్కలు పచ్చివే అన్నాడంట. పచ్చివైతే ఇంత మంటెలా వస్తదయ్యా అంటే, అయితే గొట్టానికి మసి పట్టుంటదని కర్రెట్టి పొడిచాడు. ఆ మసి కాస్తా ఎగిరి ఆరేసిన దుప్పట్ల మీద పడింది. అత్తగారొచ్చి ఎవరి కళ్లు పడ్డాయో అని ఎండుమిరపకాయలు దిష్టి తీసి గొట్టంలో పడేసింది. ఇక చూడండి, ఇల్లంతా దగ్గులు, చంటిపిల్ల గుక్కపట్టి ఏడుపు. నీళ్లు మాత్రం కాగలేదు. నూకరత్నం చన్నీళ్లే పోసుకుంది, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే.

ఒకరోజు ఏమైందంటే, మంటెట్టి ఆవిడ గేదె పాలు పితకడానికెళ్లింది. తిరిగొచ్చేసరికి భూలక్ష్మి పిల్లకి నీళ్లు పోసేసి తుండుగుడ్డతో తుడుస్తా ఉంది, పిల్ల ఒంటిమీంచి ఆవిర్లు. బాయిలరులో నీళ్లు పోసి చూస్తే చన్నీళ్లు. అప్పుడు తట్టిందంట ఆవిడికి, ఒళ్లేమో కాలిపోతంది, లోపలేమో చన్నీళ్లు, అంటే కాగినవి ఎవరో తోడేసి చన్నీళ్లు నింపుతున్నారని. "నేను పొగలో కళ్లు పోగొట్టుకుంటుంటే, నువ్వు దొంగతనంగా తోడుకుంటన్నావా భూలక్ష్మీ" అనేసింది. భూలక్ష్మి పిల్లని ఎత్తుకుని లేచింది. "పొయ్యిమీద తపేలాతో కాచుకున్నానక్కా, తపేలా ఇంకా అక్కడే ఉంది, ఎళ్లి చూడు" అంది. "నేను చూడక్కర్లేదు." "సరే, దొంగన్నావు గదా. మీ మరిది రానీ, వేరే ఇల్లు చూసుకుంటాం." సూరాయమ్మ ఇద్దరి మధ్యా నిలబడి, ఇదేంటమ్మా నీళ్ల కోసం అంటదే గానీ ఆవిడ మాట వినేదెవరు. ఆ రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఉమ్మడి కాపురం, నా కళ్లముందే రెండయిపోతందని ముసలావిడ అన్నం ముట్టలేదంట.

మర్నాడు నూకరత్నం అందరికంటే ముందే లేచింది. మంటెట్టి, పీటేసుకుని బాయిలరు ముందే కూర్చుంది. ఎవరొస్తారో చూద్దామని. గేదె అరిచినా లేవలేదు, మొగుడు కాఫీ అడిగినా లేవలేదు. పిల్లి కూడా అటు రాలేదంట. బాగా తెల్లారాక చెంబు తీసుకుని గరాటులో పోసింది. కొమ్ములోంచి చన్నీళ్లు. ఇప్పుడెవర్ని అంటది చెప్పండి. తిట్టడానికి మనిషి దొరక్కపోతే కోపం ఎంతవుతదో మీకూ తెలుసు గదా. చేతులకి గోనె చుట్టుకుని ఆ బాయిలర్ని ఒక్క తోపు తోసింది. మూడుకాళ్ల మీదున్నది, ధడాలున పడింది. పడీపడగానే గరాటు ఊడిపోయి, కుతకుతా ఉడుకుతున్న నీళ్లు పెరడంతా పారాయి, ఆవిడ పాదం మీంచే.

ఆ కేకకి ముందు పరిగెత్తుకొచ్చింది ఎవరనుకున్నారు, భూలక్ష్మే. నూకరత్నాన్ని పీట మీద కూర్చోబెట్టి, తొట్టిలో నీళ్లు చెంబులకి చెంబులు పాదం మీద పోస్తా ఉందంట. అప్పుడు చూశారు ఇద్దరూ. గరాటు కింద బాయిలరు అడుగుదాకా దిగాల్సిన సన్న గొట్టం, అతికించిన మాటూడిపోయి విడిగా పడుంది. పోసిన చన్నీళ్లు అడుక్కి ఎళ్లకుండా పైపైనే తిరిగి కొమ్ములోంచి వచ్చేస్తున్నాయి. కాగినవి లోపలే ఉండిపోతున్నాయి. "నువ్వు తియ్యలేదు" అందంట నూకరత్నం. భూలక్ష్మి ఇంకో చెంబుడు పోసింది.

దొరబాబు గొట్టానికి మాటేయించుకొచ్చాడు. మొదట్నించీ నేను గొట్టమనే అంటున్నాను గదా అని ఊళ్లో చెప్పుకున్నాడు కూడా. మరిదొచ్చాడు, ఎళ్లాడు, వేరే ఇంటి మాట ఎవరూ ఎత్తలేదు. నూకరత్నం నోరు తెరిచి తప్పయిందని అనలేదు గానీ, రోజూ మొదటి బిందె వేణ్ణీళ్లు కుంటుకుంటా మోసుకెళ్లి భూలక్ష్మి గుమ్మం ముందు పెట్టేదంట. భూలక్ష్మి అవి పూర్తిగా చల్లారిపోయేదాకా ఆగి, అప్పుడు పోసుకునేదంట. ఎప్పటికి వేడిగా పోసుకుందంటారా. అది నాకు తెలీదు. నేను చివరిసారి ఆ ఇంటికెళ్లినప్పుడైతే గోరువెచ్చదాకా వచ్చింది.