అసల్ ఫైనల్

“ఫైనల్ అంటే ఏ ఫైనల్ అన్నా? గీడ ఫైనల్ ఉన్నది, కొత్త ఫైనల్ ఉన్నది, అసల్ ఫైనల్ ఉన్నది, ‘ఫైనల్ తర్వాతది’ అని ఇంకోటున్నది.”

“అసల్ ఫైనల్ దియ్యి. గదే అసల్‌ది.”

“తీసిన. డప్పు నాలుగు దెబ్బలు కొట్టి ఊకున్నది. తర్వాత ఎవరో దగ్గిండ్రు.”

“దగ్గు గాదు. గది ఫీల్.”

బోధన్‌లో ఎరువుల దుకాణం మీది గది అది. బయట బోర్డు మీద ‘నరేందర్ మ్యూజిక్ వరల్డ్’ అని ఉంటుంది కానీ, ఆ వరల్డ్ నుంచి పూర్తయిన పాట ఒక్కటైనా మెట్లు దిగిన పాపాన పోలేదు. కంప్యూటర్లో జాగా నిండిపోయిందని, సగంలో ఆగిన పాటలన్నీ సర్ది పేర్లు పెట్టమని నరేందర్ పొద్దున్నే సుకన్యను పిలిపించాడు. ఆరేళ్లుగా అతనికి గైడ్ పాడేది ఆమే. గైడ్ అంటే, పెద్ద సింగర్ వచ్చి పాడేలోగా వరస మరిచిపోకుండా ముందు పాడిపెట్టే గొంతన్నమాట. పెద్ద సింగర్ ఇంతవరకు రాలేదు.

“మొత్తం ఎన్నున్నయ్?”

“నూట నలభై మూడు.”

“సూసినవా! జిల్లాల ఎవనికన్న ఉన్నయా నూట నలభై మూడు పాటలు?”

“పాటలు గావన్నా. యాభై ఆరిట్ల పల్లవి దాకనే ఉన్నది. ముప్పై ఒక్కదాంట్ల డప్పొక్కటే. గీ పదకొండిట్ల నువ్వు ‘హలో, హలో, మైక్ చెక్’ అంటున్నవ్. గవిటి ఫోల్డర్‌కు ‘హలో హలో’ అని పేరు పెట్టిన.”

“ఏయ్, గట్ల పెడుతరా ఎవలన్న! ‘ప్రయోగాలు’ అని పెట్టు.”

“సరే, ప్రయోగాలు. మరి ‘రేపు’ అని ఒకటున్నది?”

“గది రేపటికి తయారు కావాలె.”

“నాలుగేండ్ల కింది రేపన్నా గిది.”

“అయితే ఏమాయె? పాట ఏమన్న కూరనా, ఖరాబ్ అయ్యెటందుకు?”

“‘ముట్టొద్దు’ అని ఇంకోటి.”

“ముట్టకు మరి.”

“ముట్టకపోతే ఎట్ల సర్దాలె? తీసి చూసిన. మీ బామ్మర్ది పెండ్లి వీడియో.”

“గది... గది రిఫరెన్స్. బ్యాండోళ్లు మంచిగ కొట్టిండ్రు.”

“‘పెద్ద సినిమా ఆఫర్’ ఫోల్డర్ లోపట ఏం లేదు.”

“ఆఫర్ వచ్చినంక నింపుదామని. ముందుగాల జాగా పట్టి పెట్టుకోవాలె సుకన్యా. బస్సుల టువాల ఏసుకుంటమా లేదా?”

“‘హైదరాబాద్ మేడం’ అని పందొమ్మిది ఉన్నయ్. అన్నిట్ల నేనే పాడిన గదా?”

“నువ్వు గైడ్ పాడినవ్. ఆమె వచ్చి అసలుది పాడుతది. గందుకే ఆమె పేరు.”

“ఎప్పుడొస్తది?”

“డేట్లు కుదురాలె.”

“ఆమెకు నువ్వు ఎరుకనా?”

“నాకు ఆమె ఎరుక. నువ్వు సవాళ్లు అడుగుడు బంద్ జేసి జల్ది కానియ్యి. ఆత్మారాం సేట్ వర్నిల బయలెల్లిండట.”

“రైస్‌మిల్ సేటేనా?”

“గాయినే. వర్ని బతుకమ్మ కమిటీకి ప్రెసిడెంట్. పోయినేడు పక్కూరు మోస్రోళ్లు సొంతంగ పాట చేపిచ్చి మైకులు పలిగేటట్టు ఏసిండ్రట. గా దెబ్బకు సేట్‌కు నెల రోజులు అన్నం సయించలే. ఈ ఏడు నా పాట కావాలంటుండు.”

“నీ పాటంటే... ఏ పాట?”

“గదే గదా నువ్వు ఎతుకుతున్నది!”

“అన్నా, ఒక్క మాట.”

“పది మాటలు చెప్పు. చెయ్యి మాత్రం ఆపకు.”

“గీ కమిటీ పాట నన్ను పాడనియ్యి. గైడ్ గాదు, అసలు పాటనే. నా పేరుతోని.”

“సూద్దాం.”

“ఆరేండ్ల సంది సూద్దాం సూద్దాం అనే అంటున్నవ్.”

“సూస్తనే ఉన్న గదా మరి!”

“మా అవ్వ ఇగ చాలన్నదన్నా. సోమవారం సంది నిజామాబాద్ల బట్టల షాపుకు పొమ్మంటున్నది. పొద్దుగాల పోతే చీకటి పడ్డంకనే ఇల్లు. ఇగ పాడుడు గీడుడు ఏముండది. ఒక్క పాట మీద నా పేరు కనవడితే అవ్వకు చూపెట్టి ఈడనే ఆగిపోత. ఒక్కటంటే ఒక్కటి.”

“బట్టల షాపు మంచిదే గదా. ఏసీ ఉంటది.”

“అన్నా!”

“అరే, కోపానికి రాకు. నా సెల్లె అసుంటిదానివని నిజం చెప్తున్న. నీ గొంతు సాఫ్ ఉంటది, శ్రుతి తప్పవు, అన్ని కరెక్టే. గని... గది లేదు.”

“ఏది?”

“గదే. జీవం. నువ్వు పాడితే పంచాంగం సదివినట్టుంటది.”

“సదివినట్టు పాడుమన్నది నువ్వే గదా! గైడ్ల సొంత సంగతులు ఎయ్యద్దు, గొంతు ఎత్తద్దు, పెద్ద సింగర్‌కు తొవ్వ చూపెట్టి పక్కకు జరుగాలె అని నువ్వే అంటివి. ఆరేండ్లు గట్లనే పాడిన. నోరు సగమే తెరిచిన.”

“నేనే అన్న, ఎక్కడ కాదంటున్న? గని జీవమున్నోళ్లకు వద్దన్నా ఆగదు. సగం నోట్లకెల్లి సుత బయటవడ్తది.”

“సరే తియ్యి. ఇంకొక్కటే మిగిలింది. దీనికి పేరే లేదు. ఉంచాల్నా, పారెయ్యాల్నా?”

“ఎప్పటిది?”

“మైక్ కొన్న కొత్తలది.”

“గప్పటియి ఏముంటయ్, పారెయ్యి. ఆగాగు. ఎందుకైన మంచిది, ఒక్కపారి పెట్టు.”

“పెడుతున్న. ఇను.”

“‘కాల్వల నీళ్లొచ్చె ఓ అక్కలారా... కాళ్ల పట్టీలు తడిసె ఓ చెల్లెలారా... నారు మడి నవ్వింది, మనను రమ్మన్నది...’”

“ఆపకు! ఆపకు, సౌండ్ పెంచు! ...సుకన్యా, ఎవలిదే గీ గొంతు?”

“నువ్వు చెప్పాలె. కంప్యూటర్ నీది.”

“సేతి మీద ఎంటికెలు లేసి నిలవడ్డయి సూడు! గా గుంజుడు సూడు, ‘ఓ అక్కలారా’ అని... ఇనవడ్తుందా? గిదే నేను పొద్దటి సంది మొత్తుకునేది. గిది నీకు లేదు. మంచిగ ఇని నేర్చుకో.”

“ఇంటున్న అన్నా.”

“ఎవలై ఉంటరబ్బా... ఆఁ, యాదికొచ్చింది! ఆర్మూర్ పిల్ల.”

“ఏ ఆర్మూర్ పిల్ల?”

“గప్పుడు ఒకామె రాలే? పొడుగు జడ. వాళ్ల బాపును ఎంటవెట్టుకోని వచ్చి, ‘సార్, ఒక్క చాన్స్ సార్’ అని ఒకటే ఏడుపు. నేనే గొంతు సాఫ్ చేసి, తాళం నేర్పిచ్చి...”

“నాకు యాదికి లేదు.”

“నువ్వు గప్పుడు లేవు.”

“మైక్ డబ్బా ఇప్పిన నాడు సుత నేనున్న.”

“ఇంటికి వోయినవ్ గావచ్చు. ఎప్పుడూ ఈడనే ఉంటవా ఏంది?”

“నరేందరూ! ఏందయ్యా గీ మెట్లు? గోడ మీదికి ఎక్కినట్టే ఉన్నది. పాట అయ్యిందా లేదా?”

“రాండ్రి సేట్, రాండ్రి! కూసోండ్రి. అయ్యిందా అంటరేంది, మీరు మోస్రోళ్ల ముచ్చటే మర్చిపోతరు. సుకన్యా, సేట్‌కు మొదటికెల్లి పెట్టు.”

“పెట్టిన అన్నా.”

“...వారెవ్వా! ఎవరయ్యా గీమె? మా వర్ని కాల్వ గట్టు మీద నిలవడి పాడినట్టే ఉన్నది. మోస్రోళ్లు మైకులు మూట గట్టుకోని పోవాలె ఇగ!”

“నా శిష్యురాలు సేట్. ఆర్మూర్. నేనే కనిపెట్టిన. నోట్లకెల్లి మాట సుత రాకపోయేది, ఏడాది కూసవెట్టి నేర్పిచ్చిన.”

“ఒక్క చరణమే ఉన్నది గదా?”

“మిగిలింది రేపు పాడిపిస్త సేట్.”

“ఎవరితోని అన్నా?”

“గామెతోనే.”

“ఏమెతోని?”

“నువ్వు జర ఊకో సుకన్యా, పెద్దోళ్లు మాట్లాడుతుంటే!”

“ఊకో నరేందరూ, ముందుగాల పేరు చెప్పు. ఫ్లెక్సీ చిన్నయ్య ఫోన్ల ఉన్నడు. మీద గామె పేరు పెద్దక్షరాలల్ల, కింద నీ పేరు చిన్నక్షరాలల్ల. హలో చిన్నయ్యా, లైన్లనే ఉండు, చెప్తున్న. ఆఁ, చెప్పవయ్యా.”

“పేరు... ఏందంటే సేట్... నాలిక మీదనే ఉన్నది.”

“ఏడాది కూసవెట్టి నేర్పిచ్చినంటివి?”

“శిష్యులు శానమంది సేట్, ఎందర్నని యాది పెట్టుకోవాలె! సుకన్యా, ఫైల్ మీద రాసి లేదా?”

“నువ్వెప్పుడన్న ఒక్కదానికన్న సక్కగ పేరు రాసినవా అన్నా? మీద లేదు. లోపట ఉన్నది.”

“లోపటంటే?”

“పాట ఆగినంక సుత నువ్వు రికార్డు బంద్ చెయ్యలే. ఇంకింత నడిచింది. పొద్దుగాల సర్దుకుంట ఇన్న. రెండు పార్లు ఇన్న.”

“ఏమున్నది దాంట్ల?”

“నీ గొంతే ఉన్నదన్నా. పెట్టాల్నా సేట్?”

“వద్దొద్దు! గవన్ని స్టూడియో లోపలి ముచ్చట్లు సేట్, మీకెందుకు...”

“పెట్టు బిడ్డా. చిన్నయ్య సుత రాసుకుంటడు, స్పీకర్ల పెట్టిన.”

“‘ఆపు, ఆపు! ఏం పాడుడే సుకన్యా గది, చెరుకు బండి ఇరుసు మొత్తుకున్నట్టు? పో, బయటికి పో. మంచి గొంతు దొరికేదాక గీ పాటను పక్కకు పెట్టు!’”