రెండో సగం

సంతాప సభకు ఇంకా మూడు గంటల వ్యవధి ఉంది. పోయిన రచయిత గదిలో ఇద్దరే ఉన్నారు: ఆయన భార్య, ఆయన శిష్యుడు. శిష్యుడంటే నిన్న మొన్న చేరినవాడు కాదు. పగలంతా ప్రెస్సులో లోకం చేసిన తప్పులు దిద్ది, సాయంత్రం తన తప్పులు దిద్దించుకోవడానికి ఇరవై ఏళ్ళుగా ఈ గడప తొక్కుతున్న ప్రూఫురీడరు.

“నాలుగు ముక్కలే, వదినా. నేనే రాసి తెచ్చాను. మైకు ముందు నిలబడి చదివితే చాలు.”

“ఆ అట్టపెట్టె ఇటు జరుపు. ఈ పుస్తకాలన్నీ లైబ్రరీవాళ్ళు పట్టుకెళ్తామన్నారు.”

“జరుపుతాను. ముందు ఈ కాగితం...”

“కళ్ళజోడు లేదు.”

“మెళ్ళోనే వేలాడుతోందిగా!”

“ఉంటే ఉంది. నువ్వే చదువు, వింటాను.”

“‘చివరి రోజుల్లో మా వారికి చూపు పోతే, ఆయన శిష్యుడి ఈ నవల నేనే చదివి వినిపించాను. రెండో సగం విన్నాక ఆయన, ఇంతకాలానికి మా వాడు నన్ను మించిపోయాడు, అన్నారు. ఆ మాటకి నేనే సాక్షిని.’ అంతే. పొగడనక్కర్లేదు, కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు.”

“సభకి నేను రావడం లేదు.”

“అదేంటి వదినా! భార్య లేకుండా సంతాప సభా?”

“ఆయన లేకుండానే చేస్తున్నారుగా.”

“వేళాకోళానికిదా సమయం? నా పరిస్థితి అర్థం చేసుకోండి. ఆ మాట అన్నయ్య ఆస్పత్రిలో పబ్లిషరుతో అన్నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి మాట పడిపోయింది. చెయ్యి పట్టుకుని కూర్చున్నానే గానీ నా చెవులతో వినలేకపోయాను. పబ్లిషరు ఆ మాట నా నవల అట్ట మీద వేశాడు. ఇప్పుడేమో, పోయినవాడి నోట్లో ఎన్ని మాటలైనా కుక్కొచ్చని అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. మీరొక్కరు అవునంటే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి.”

“అట్ట మీంచి తీయించెయ్.”

“తీయించెయ్యాలా? ఇరవై ఏళ్ళు, వదినా! బాగుంది అనే మాట అన్నయ్య నోట ఒక్కసారైనా విన్నారా మీరు? నన్ను నిలబెట్టి చదివించేవాడు. నచ్చకపోతే తిట్టేవాడు కూడా కాదు, కాగితం లాక్కుని వాక్యం మీద గోటితో గీత పెట్టేవాడు. ఇంటికెళ్ళి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూసుకునేవాణ్ణి, ఏది చచ్చిందో ఏది బతికిందో. ఓసారి పదహారు పేజీల కథలో గీత పడని వాక్యం ఒక్కటే మిగిలింది.”

“‘వాన వెలిసింది.’”

“గుర్తుందా మీకు!”

“పక్కగదిలోనే ఉండేదాన్నిగా.”

“అంత చేసీ, భుజమ్మీద చెయ్యేసి వీధి చివరిదాకా వచ్చి సాగనంపేవాడు. అలాంటి స్నేహితుడు ఇంకొకడు దొరుకుతాడా? మా నాన్న పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదు. ఆ మనిషి చిట్టచివరికి ఒక్క మంచి మాట అన్నాడు. జన్మకంతటికీ నాకు దక్కింది అదొక్కటే. దాన్నీ తీయించెయ్యమంటారేంటి?”

“నీ మంచి కోరే అంటున్నాను. నా మాట విను.”

“ఎందుకో చెప్పండి.”

“టీ పెట్టనా?”

“టీ వద్దు!”

“ఆ ఫోను మోగుతోంది, చూడు.”

“హలో... ఆఁ, ఇక్కడే ఉన్నాను... అలాగే, అలాగే... పబ్లిషరు. మీకోసం కారు పంపుతాడట.”

“పంపొద్దని చెప్పకపోయావా?”

“వస్తున్నారని చెప్పాను. ఒక్కటి చెప్పండి వదినా. అన్నయ్య ఆ మాట అన్నాడా, లేదా?”

“అన్నారు.”

“హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది! మరి ఆ ముక్క చెప్పడానికేం? సాహిత్యం గొడవ మీకెందుకు, అది మేం చూసుకుంటాం. మీరు చదివారు, అన్నయ్య విన్నాడు. అంతే.”

“నేను చదివాను. అంతే.”

“అంతే.”

“నీ నవల మొదటి సగం కట్టలో ఆఖరి పేజీ గుర్తుందా నీకు? రచయిత పెళ్ళాం వస్తుంది. మొగుడి పుస్తకాలు టైపు కొట్టే మనిషి. ‘టైపు మిషనుకీ ఆవిడకీ తేడా ఒక్కటే, మిషను గురక పెట్టదు.’ అంతేనా?”

“అయ్యో... వదినా, అది పాత్ర! కల్పన!”

“కల్పనకి నా కళ్ళజోడెందుకు పెట్టావయ్యా, తాడుతో సహా?”

“రాసేవాడికి కంటబడిందల్లా... అన్నయ్యే అనేవాడు, ఇంట్లోవాళ్ళని కూడా వదలొద్దని...”

“ఆ ముక్క నా నోటితో నేనే చదివాను. ఆయన పగలబడి నవ్వారు. పొట్ట పట్టుకుని నవ్వారు. ‘ఏదీ, మళ్ళీ చదువు’ అన్నారు. మళ్ళీ చదివాను.”

“తప్పయిపోయింది. కాళ్ళు పట్టుకుంటాను. ప్రూఫులు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి, ఆ ముక్క ఇవాళే కొట్టేస్తాను.”

“కొట్టెయ్యకు, ఉండనీ. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన వాక్యాలు టైపు కొట్టాను. వేళ్ళు వంకర్లు పోయాయి. ఏ వాక్యం ఎక్కడ కుంటుతోందో ఆయనకంటే ముందు నాకే తెలిసేది. అడిగితేగా చెప్పడానికి! ఆ మర్నాడు నీ రెండో కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ‘ఊఁ, కానీ’ అన్నారు. నేను చదవలేదు.”

“చదవలేదా?”

“నోటికొచ్చింది చెప్పాను. మధ్యమధ్యలో పాత న్యూస్‌పేపరు తిప్పేదాన్ని, పేజీ చప్పుడు వినిపించాలిగా.”

“నాకేమీ అర్థం కావట్లేదు.”

“నీ మనుషులే, నీ కథే. కాకపోతే ఈసారి ఆ టైపు మనిషికి నోరొచ్చింది. రోజుకో గంట, ఇరవై ఆరు రోజులు చెప్పాను.”

“కోపంతో అంటున్నారు. నన్నేడిపించడానికి అంటున్నారు.”

“నీ కట్ట ఆ బీరువాలో ఉంది. నువ్వు కట్టిన దారమే, ముడి చూసుకో.”

“...ఇది విప్పనే లేదు.”

“లేదు.”

“అన్నయ్యకి తెలుసా?”

“తెలిస్తే ‘మా వాడు’ అంటారా? చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలోకే నా చెయ్యి పట్టుకుని ‘మా వాడు మించిపోయాడే’ అని ఏడ్చారు. ఏడ్చిందేమో నీకోసం, పట్టుకున్నది నా చెయ్యి. ఇంకేం చెప్పను?”

“వదినా... మీరు చెప్పింది ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?”

“ఎందుకు?”

“అచ్చయింది అట్ట ఒక్కటే. లోపలి పేజీలు ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. మీకెలాగూ కీర్తి మీద ఆశ లేదు గదా... మూడోకంటివాడికి తెలీదు...”

“సిగ్గులేదటయ్యా నీకు!”

“లేదు! ఇరవై ఏళ్ళు ఇక్కడ నిలబడ్డాక ఇంకా మిగులుతుందా? ఉందా, లేదా?”

“లేదు. ఆయనతోనే పోయింది.”

“కొంచెమైనా గుర్తుండదూ? మీరు చెప్తే నేను రాసుకుంటాను. టైపు కూడా నేనే...”

“లే. బయటికి నడు.”

“పోతాను. పోనీ... మొదటి సగం? అది ఉన్నదున్నట్టే చదివారుగా?”

“అక్షరం పొల్లుపోకుండా.”

“అన్నయ్య విన్నాడుగా? అది నాదేగా?”

“నీదే.”

“దాని గురించేమైనా అన్నాడా?”

“ఇంటికెళ్ళు, నాయనా.”

“తిట్టినా సరే. అది నన్ను తిట్టిన తిట్టేగా. అన్నాడా?”

“అడక్కు.”

“మీకు దణ్ణం పెడతాను, చెప్పండి.”

“‘వాడికి రాయడం రెండో సగంలోనే వచ్చింది. మొదటి సగమంతా చించి పారెయ్యమను’ అన్నారు.”