మెత్తబడ్డ బ్రేకు

కొండదారి మలుపులో జీపు ఆగిపోయింది. వెనక సీట్లో తండ్రి గుండె పట్టుకుని మూలుగుతున్నాడు. జీపు కిందికి దూరిన అక్క, స్టీరింగ్ ముందున్న తమ్ముణ్ణి కేకేసింది.

"క్లచ్ నొక్కరా."

"నొక్కితే మళ్లీ పైకి రావట్లేదక్కా."

"గేర్‌బాక్స్ పక్కన కారుతోంది. ఇంజిన్ ఆయిల్ కాదు, బ్రేక్ ఆయిలే. ఈ బండిలో క్లచ్‌కీ బ్రేకుకీ ఆయిల్ డబ్బా ఒకటే. బ్రేకు ఎలా ఉంది?"

తమ్ముడు వెనక్కి తిరిగి తండ్రి వైపు చూశాడు.

"నిన్నేరా!"

"పొద్దున్నుంచీ మెత్తగానే ఉంది."

"బయల్దేరేటప్పుడు నోరు పెగల్లేదా?"

"చెబితే నాన్నని ఎక్కించనిచ్చేదానివా?"

అక్క కిందనుంచి బయటికొచ్చి తలుపు తీసింది. "పక్కకి జరుగు. మొదటి గేర్లోనే స్టార్ట్ చేసి, అలాగే దించుతా. బండి జోరెక్కకుండా ఇంజినే పట్టి ఉంచుతుంది. హ్యాండ్‌బ్రేక్ మీంచి చెయ్యి తియ్యకు."

జీపు ఒక్క కుదుపుతో కదిలి, ఇంజిన్ గోల పెడుతుండగా నడక వేగంతో కొండ దిగింది. ఆసుపత్రి గేటు దగ్గర తమ్ముడు హ్యాండ్‌బ్రేక్ లాగాడు.

"వచ్చేశామక్కా. స్టీరింగ్ వదులు."

"చేతులు రావట్లేదురా. నువ్వు నాన్నని దించు."