అలక బండికి కొత్త టైర్లు

మంచం, పొయ్యి ఉన్న తమ మోటార్‌హోమ్‌కు ముందు టైర్లు మార్చాలని కొట్లో ఆయన ఒక్కో టైరునూ తట్టి చూస్తున్నాడు. భార్యకు కాళ్ళు లాగుతున్నాయి.

"వానలో జారకూడదు. కొండలెక్కాలి."

"కొన్నాక ఒక్కసారైనా అది మన గేటు దాటిందా?"

"మరి పాతవి పగుళ్ళిచ్చాయిగా!"

"తిరిగి కాదు, ఎండకు నిలబడి. నాతో పోట్లాడినప్పుడల్లా మీరు అలిగి వెళ్ళి పడుకునేది అందులోనే. పడుకోవడానికి టైర్లెందుకండీ?"

"ఈసారి అలిగితే పడుకోను. బండి తీసుకుని వెళ్ళిపోతా. మళ్ళీ రాను."

ఆవిడ మొదటిసారి టైర్ల వైపు శ్రద్ధగా చూసింది.

"అయితే చవకవి వద్దు. అన్నిటికన్నా గట్టివి వేయించండి. దారిలో పంక్చరైతే మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు."