నాలుగు పేర్ల షిప్పు

ఆలూరు బస్టాండు పక్కన, షిప్పుల్లో పనికి మనుషులను పంపే ఆఫీసు. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. బల్లకు అవతల ఏజెంటు ఫోను చూసుకుంటున్నాడు.

"మీ తమ్ముడు ఎక్కిన షిప్పు ఇప్పుడు లేదమ్మా."

"లేదంటే? మునిగిపాయనా?"

"మునగలేదు, అమ్మేసినారు. టూరిస్టుల షిప్పు గదా, ముప్పై ఏండ్లలో ఓనరు మూడుసార్లు మారినాడు. కొన్నోడల్లా కొత్త పేరు పెట్టినాడు. ఇప్పుడుండేది నాలుగో పేరు."

"పేరు మారితే లోపల బట్టలుతికే మా జయరాజ్ యాడికి పోతాడప్పా? వాని ఫోను రాక రెండు నెల్లాయ."

"కొత్త కంపెనీని అడుగు."

"అడిగించినా. పాత కంపెనీ మనిషి, మాకు తెలీదన్నారు. పాత కంపెనీ మూసేసినారంట."

"మరి నేనేం చేసేది?"

"సంతలో ఎద్దును అమ్మితే మా పగ్గం మేము విప్పుకుంటాం, కొన్నోడు తన పగ్గం కట్టుకుంటాడు. ఎద్దు యాడుండాదంటే ఇద్దరూ చెప్తారు. మనిషిని అడిగితే ఒక్కడూ చెప్పడే!"

"నామీద అరవద్దు. మీవాన్ని పంపిన ఆఫీసు వేరే, దాన్ని ఎత్తేసినారు. బయట బోర్డు చూడుపో, ఇది కొత్తది."

"చూసినా. పోయినేడు మా తమ్ముడు పాస్‌పోర్టు పెట్టింది ఈ బల్లమీదనే. తీసుకున్న చేతికి ఆ పచ్చరాయి ఉంగరమే ఉండె."

అతను చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాడు.

"మర్యాదగా బయటికి పో."

ఆమె వెళ్లి గుమ్మానికి అడ్డంగా, గడప మీద కూర్చుంది.

"గడపమీద కూర్చుంటారా యాడన్నా? లెయ్!"

"రేపు ఇంకో బోర్డు రాయించుకో. మా జయరాజ్ యాడుండాడో చెప్పకుండా, ఏ పేరు పెట్టుకున్నా నువ్వు ఈ గడప దాటవు."