గీత పాలిష్ షెడ్డులో మంట

నా అసలు పేరు మొదటి కాగితంలో రాసుకున్నారు. షెడ్డులో ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ అందరికీ నేను పిన్నిని. వయసు నలభై తొమ్మిది. లోహపు రేకులకు పాలిష్ పెట్టే షెడ్డులో పని చేస్తాను. భర్త చనిపోయాడు. పిల్లలు లేరు. లాండ్రీ వెనక ఒక గదిలో అద్దెకు ఉంటున్నాను. నాతోపాటు ఎవరుంటారని అడిగారు. ఎవరూ ఉండరు. ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు కూడా ఇదే అడిగారు. కట్లు మార్చే నర్సమ్మ కూడా అడిగింది. ఎవరూ ఉండరు.

ఆస్పత్రి కాలిన గాయాల వార్డులో, మేజిస్ట్రేటు గారి ఎదుట, మిగిలినవాళ్ళను బయటికి పంపించాక ఈ మాటలు చెబుతున్నాను. నన్నెవరూ భయపెట్టలేదు. నొప్పి ఉంది కానీ తెలివి సరిగ్గానే ఉందని డాక్టరు గారు రాసిచ్చారు.

మా షెడ్డులో చేసేది అద్దంలా మెరిసే పాలిష్ కాదు. లిఫ్టు తలుపుల మీద, పెద్ద వంటగదుల్లో బల్లల మీద సన్నటి గీతలు కనిపిస్తాయి కదా, ఒకే దిక్కుగా, దువ్విన జుట్టులాగా, అది. మేం గీత పాలిష్ అంటాం. రేకును మెషీనులో పెడితే తిరుగుతున్న గరుకు బెల్టు కిందుగా పోతుంది. పోతూ పోతూ గీతలు పడతాయి. అవతలి వైపు ఒక మనిషి అందుకోవాలి. అందుకున్నాక అంచుల దగ్గరా అతుకుల దగ్గరా మెషీను అందని చోట చేత్తో గరుకు పీచు పెట్టి దువ్వాలి. ఈ చివర మొదలుపెడితే ఆ చివరిదాకా ఒకే ఊపులో పోవాలి. మధ్యలో చెయ్యి ఆగితే ఆగినచోట మచ్చ కనబడుతుంది. అడ్డంగా ఒక్క గీత పడినా రేకంతా మళ్ళీ మొదటికొస్తుంది. అందుకునే పనీ దువ్వే పనీ నాది. రేకు పెట్టే పని ఆయనది.

ఆయన అంటే ఈ మంటలో చనిపోయిన మెషీను మనిషి. ఆయన్ని అందరూ నిదానం అనేవాళ్ళు. ఎవరు తొందరపెట్టినా "నిదానం, నిదానం" అనేవాడు, ఆ మాటే పేరైపోయింది. నాకంటే వయసులో పెద్ద. అయినా నన్ను పిన్నీ అనే పిలిచేవాడు. "మీకు నేను పిన్నినెలా అయ్యానండీ" అని ఒకసారి అడిగితే, "షెడ్డు వరసకి వయసేంటి పిన్నీ" అన్నాడు. మేమిద్దరం పన్నెండేళ్ళు ఒకే మెషీనుకు చెరో వైపు నిలబడ్డాం. మాటలు మాత్రం తక్కువ. మెషీను తిరుగుతుంటే చెవిలో అరిచినా వినబడదు. అంతా చేతులతోనే. అరచెయ్యి బోర్లించి కిందికి ఆడిస్తే మెషీను ఆపు అని. రెండు వేళ్ళు చూపిస్తే బెల్టు మార్చాలని. చూపుడు వేలు గుండ్రంగా తిప్పితే రేకు చాలా బాగా వచ్చిందని. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు, షెడ్డులో మాట వినబడదు. నాకున్న కబుర్లన్నీ ఆ చేతులతోనే.

మంట వచ్చిన మంగళవారం పొద్దున అల్యూమినియం రేకులు నడిపాం. అల్యూమినియం పొడి పిండిలా ఉంటుంది, చాలా తేలిక. మెషీనుకు ఒక గొట్టం ఉంది. అది పొడిని పీల్చి నేను నిలబడే వైపున్న పెట్టెలోకి పంపిస్తుంది. స్టీలు రుద్దితే నిప్పురవ్వలు వస్తాయి. అవి అల్యూమినియం పొడిలో పడితే అంటుకుంటుంది. అందుకని అల్యూమినియం నడిపాక గొట్టం విప్పి, పెట్టె ఖాళీ చేసి, తుడిచి, అప్పుడే స్టీలు పెట్టాలి. ఇది నాకొక్కదానికి తెలిసిన రహస్యం కాదు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాయించింది షెడ్డు యజమానే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక యజమాని వచ్చాడు. మేం సార్ అంటాం. ఏదో కొత్త బిల్డింగుకి లిఫ్టు తలుపులు ఆ సాయంత్రమే వెళ్ళాలన్నాడు. స్టీలు రేకులు ఆరు. నిదానం గారు చేతులు తుడుచుకుంటూ, "సార్, పొద్దున్నంతా అల్యూమినియం నడిచింది. గొట్టం విప్పి తుడవకుండా స్టీలు ఎలా పెట్టమంటారు?" అన్నాడు.

"రేపు తీరిగ్గా తుడుచుకుందువు గానీ. ఇవాళ్టికి కానిచ్చెయ్యి. లారీ వచ్చి గేటు దగ్గరుంది."

"ఒక్క గంట నిదానించండి సార్."

"నీ నిదానం నా కొంప ముంచేట్టుందయ్యా," అన్నాడు సార్ నవ్వుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోపంగా అన్నమాట కాదది. ఎప్పుడూ అనేదే.

నిదానం గారు నవ్వలేదు. మెషీను చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికొచ్చాడు. "పిన్నీ, ఇవాళ నువ్వటు పోయి రేకు పెట్టు. నేను ఇటు అందుకుంటాను," అన్నాడు.

"ఎందుకండీ?"

"భుజం లాగుతోందన్నావుగా మొన్న. అటైతే తేలిక."

పెట్టేవైపే బరువని షెడ్డులో నిన్న చేరినవాళ్ళకైనా తెలుసు. నేను మారు మాట్లాడకుండా అటు వెళ్ళాను. ఆయన నేను నిలబడే చోట, ఆ పెట్టె పక్కన నిలబడ్డాడు. పన్నెండేళ్ళలో మేం చోటు మార్చుకోవడం అదే మొదలు. అటు నుంచి చూస్తే షెడ్డు వేరేగా కనిపించింది. నా గరుకు పీచు, నా నీళ్ళ సీసా, నా ఎత్తుపీట ఆయన పక్కన ఉన్నాయి. ఎత్తుపీటను ఆయన కాలితో పక్కకు జరిపాడు. ఆయన పొడగరి, దాంతో పనిలేదు.

మొదటి రేకు బాగా వచ్చింది. ఆయన వేలు గుండ్రంగా తిప్పాడు. రెండోది కూడా వచ్చింది. మూడోది సగం పోయాక, పైనుంచి బస్తా పడ్డట్టు ఒక చప్పుడు. పెట్టె మూత ఎగిరింది. మంట ఎర్రగా లేదు, తెల్లగా ఉంది. చూడలేనంత తెల్లగా. నేను మెషీను చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఆయన రేకుల దొంతర మీద పడి ఉన్నాడు. కోటు అంటుకుంది.

సార్ బకెట్టుతో నీళ్ళు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో అయ్యో" అంటూ పోసేశాడు. నీళ్ళు పడగానే మంట ఇంతెత్తు లేచింది. ఆ మంట మీద నీళ్ళు పోయకూడదని కూడా గోడ మీద రాసి ఉంది. కానీ ఎదురుగా మనిషి మండుతుంటే గోడ చదివేదెవరు? సార్ ఆర్పాలనే పోశాడు. ఇది తప్పకుండా రాయండి. తర్వాత ఇసుక పోసి ఆర్పింది ఎవరో నాకు తెలియదు. నేను నిదానం గారి కోటు కాలరు పట్టుకుని వాకిలి దాకా లాగాను. చేతులు కాలుతున్నట్టు అప్పుడు తెలియలేదు.

వాకిట్లో పడుకోబెట్టాక ఆయనకు స్పృహ ఉంది. మాట రాలేదు. అరచెయ్యి బోర్లించి కిందికి ఆడించాడు. మెషీను ఆపమని. అప్పటికే ఎవరో ఆపేశారు. ఆపేశామని నేనూ చెయ్యి ఆడించి చూపించాను. ఆయన చూశాడో లేదో తెలియదు. అంబులెన్సులోనే ప్రాణం పోయిందని తర్వాత చెప్పారు. నన్ను వేరే బండిలో తెచ్చారు.

ఇక సిగరెట్టు సంగతి. ఆయన జేబులో సిగరెట్టు పెట్టె ఉందనీ, దాని నిప్పే పొడిలో పడిందనీ షెడ్డు తరపున చెప్పినట్టు విన్నాను. ఆయన సిగరెట్టు కాల్చేమాట నిజం. పని అయ్యాక, గేటు బయట బెంచీ మీద కూర్చుని ఒక్కటే కాల్చేవాడు. పెట్టె ఇంటినుంచి వేసుకొచ్చే చొక్కాలో, బట్టలు మార్చుకునే గదిలో మేకుకు ఉండేది. ఆయన వేసుకున్నది షెడ్డు కోటు. షెడ్డు కోట్లకు జేబులు లేవు. ఉండేవి, వాటిలో పొడి నిండుతోందని సారే అంటే, అన్ని కోట్ల జేబులూ నేనే కుట్టేశాను. ఆయన కోటుకు నల్లదారం అయిపోతే నీలం దారంతో కుట్టాను. కాలకుండా మిగిలిన ముక్క ఏదైనా ఉంటే చూడండి.

మొదటి మూడు రోజులూ ఆస్పత్రికి నన్ను చూడటానికి వచ్చింది సార్ ఒక్కడే. రోజూ సాయంత్రం నాలుగింటికి పళ్ళు తెచ్చేవాడు. నా చేతులకు కట్లున్నాయి కనుక ఒలిచి పెట్టేవాడు. మా ఆయన పోయినప్పుడు, పని రాకపోయినా నన్ను షెడ్డులో పెట్టుకున్నది కూడా ఆయనే. మంచివాడు. మూడోరోజు స్టూలు దగ్గరికి లాక్కుని, "పిన్నీ, పోయినవాడు ఎలాగూ పోయాడు. నిన్ను అడగడానికి వస్తారు. సిగరెట్టు వెలిగించడం చూశానని ఒక్క మాట చెప్పు చాలు. షెడ్డు మూతపడితే అందరం రోడ్డున పడతాం. మిగతావాళ్ళకి ఇళ్ళల్లో మనుషులన్నా ఉన్నారు. నీకెవరున్నారు చెప్పు?" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోతున్నట్టు లేడు.

నేను ఔననలేదు, కాదనలేదు. కాదంటే ఆ స్టూలు ఖాళీ అవుతుందని తెలుసు. ఈ వార్డులో నాలుగు కొట్టగానే ప్రతి మంచం చుట్టూ జనం చేరతారు. ఒక మంచం దగ్గర నవ్వులు, ఒకచోట ఏడుపులు. ఏడ్చేవాళ్ళైనా ఉండాలి కదా.

ఆ మర్నాడు పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడింది. నర్సమ్మ అడిగితే నావైపు చూపించింది. దగ్గరికొచ్చి, "నేను నిదానం గారి అమ్మాయినండీ," అంది. నిదానం అన్న మాట కూతురి నోట వింటే నాకు వింతగా అనిపించింది. ఇంట్లో కూడా అదే పేరనుకుంటాను.

"మా నాన్న వల్ల మీకిలా అయింది. ఆ సిగరెట్టు మానెయ్యి నాన్నా అని ఎన్నిసార్లు చెప్పానో. మమ్మల్ని క్షమించండి పిన్నిగారూ," అని నా మంచం పట్టీ పట్టుకుంది. తర్వాత, "నేను కూడా పిన్నీ అంటే ఏమీ అనుకోరుగా? ఇంట్లో రోజూ వినే పేరే. పిన్ని ఇవాళ ఇలా అంది, పిన్ని చేతికి దెబ్బ తగిలింది, పిన్ని దువ్విన రేకు చూడాలి అని ఒకటే కబుర్లు. అమ్మ ఆటపట్టించేది కూడా," అంది.

ఒక ఇంట్లో నా గురించి మాట్లాడుకుంటారని నాకు తెలియదు. రోజూ.

"మీ నాన్న సిగరెట్టు వెలిగించలేదమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి అంటున్నారు అంది. గొట్టం సంగతీ, స్టీలు సంగతీ, వద్దు అని ఆయన అన్న సంగతీ మొత్తం చెప్పాను. కింద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. లేపుదామంటే నా చేతులు పనికిరావు. "అమ్మకి ఇంటికెళ్ళి చెప్పనా?" అని అడిగింది. చెప్పమన్నాను. చోటు మార్చుకున్న సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం సార్ వచ్చాడు. "సార్, నేను అబద్ధం చెప్పలేను," అన్నాను. ఆయన సంచీలోంచి పళ్ళు తీసి బల్ల మీద పెడుతూ ఉన్నాడు. చివరి పండు కూడా పెట్టాక, "నీళ్ళు నేనే పోశాను పిన్నీ," అన్నాడు. "చూశాను సార్. ఆర్పుదామనే పోశారు," అన్నాను. "అది ఎవరు నమ్ముతారు?" అన్నాడు. నేను నమ్ముతానన్నాను. లేచి, స్టూలు ఎత్తుకెళ్ళి గోడ వారగా పెట్టి వెళ్ళిపోయాడు. పళ్ళు ఒలవలేదు.

నిన్న నాలుగింటికి రాలేదు. రాడని తెలిసి కూడా నాలుగవుతుండగా ఆయమ్మను పిలిచి జుట్టు సరిచెయ్యమన్నాను. నేను చెప్పిన మాటతో షెడ్డు మూతపడితే మిగతావాళ్ళు నన్ను ఏమంటారో నాకు తెలుసు. గదికి వెళ్ళినా ఆ వీధిలో వాళ్ళే ఎదురవుతారు. ఎదురైనప్పుడు చూసుకుంటాను. ఎవరికీ శిక్ష వెయ్యమని నేను అడగడం లేదు. అది మీరు చూసుకునే విషయం. నిదానం గారి నిర్లక్ష్యం వల్ల మంట రాలేదని మాత్రం రాయండి. ఆయన వద్దన్నాడని రాయండి.

నేను చెప్పినదంతా రాసి నాకు చదివి వినిపించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కచోట "మృతుడు యంత్రం వెనుక భాగాన నిలబడి ఉండగా" అని రాశారు. అలా కాదు, "నా చోట నిలబడి ఉండగా" అని మార్చమన్నాను. అర్థంలో తేడా ఏముందని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఉందన్నాను. కొట్టేసి మార్చి రాశారు. మళ్ళీ చదివించుకుని విన్నాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నేను కళ్ళారా చూసినదీ, చెవులారా విన్నదీ, నా నోటితో చెప్పినదీ. ఇది నిజం.

రెండు చేతులకూ కట్లు ఉన్నందున సంతకం చేయలేకపోయాను. డాక్టరు గారు ఎడమచేతి కట్టు కొంత విప్పి పట్టుకోగా, బొటనవేలి ముద్ర వేశాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)