పనికొచ్చే దుఃఖం

బిజినెస్ స్కూళ్ల అడ్మిషన్లకి సలహాలిచ్చే ఆఫీసు. బల్లకి అటు మేడమ్, ఇటు ఇంజనీరు.

“అదేనండీ నేను చెప్పేది. మార్కులు బావున్నాయి, టెస్టు స్కోరు బావుంది, ఉద్యోగం బావుంది. అందుకే కష్టం.”

“బావుంటే కష్టమేంటండీ?”

“మీకు ముందు కూర్చుని వెళ్లినాయనవీ బావున్నాయి. ఆయనా ఇంజనీరే. బయట సోఫాలో కాళ్లూపుతున్న ఇద్దరూ ఇంజనీర్లే. మీ నలుగురి ఫొటోలూ తారుమారు చేసి పంపినా ఎవరూ కనిపెట్టలేరు.”

“నేను టీమ్ లీడర్నండీ.”

“ఎంతమందికి?”

“ముగ్గురికి. ఒకతను మానేశాడు.”

“మా వంటింట్లో నా కింద అంతకంటే ఎక్కువమందే ఉన్నారు.”

“పోనీ, ఛాన్సులు ఎలా ఉన్నాయంటారు?”

“మొహమాటం లేకుండా చెప్పనా?”

“చెప్పండి.”

“పెద్ద స్కూళ్లు మర్చిపోండి. చిన్నవాటికి దణ్ణం పెట్టుకోండి.”

“అలా అనకండీ. ఇప్పటికే రెండేళ్లు పోయాయి. ఈసారి కూడా రాకపోతే ఇంక వయసు దాటిపోయినట్టే. నా దగ్గర పని నేర్చుకున్నవాడు ఇప్పుడు నాకే మేనేజరు.”

“అది మాత్రం అప్లికేషన్ వ్యాసంలో రాయకండి, నవ్వుతారు. కష్టాలేమైనా ఉన్నాయా?”

“అంటే?”

“కష్టం. చదివినవాళ్లు కళ్లజోడు తీసి తుడుచుకోవాలి. మీ నాన్నగారు?”

“ఉన్నారండీ.”

“ఆరోగ్యం?”

“రోజూ ఈతకెళ్తారు.”

“ప్చ్. అమ్మగారు?”

“అమ్మా బానే ఉంది. కిందటేడు మోకాలు కాస్త...”

“మోకాళ్లకి సీట్లివ్వరండీ. చిన్నప్పుడు తిండికీ బట్టకీ ఇబ్బంది పడ్డారా?”

“కారుండేదండీ మాకు.”

“మీ అమ్మానాన్నలు మీకు చాలా అన్యాయం చేశారు.”

“ఒకటి... ఒకటుందండీ.”

“చెప్పండి.”

“వద్దులెండి.”

“వద్దనుకున్నవే పనికొస్తాయి. చెప్పండి.”

“కిందటేడు మాకు పాప పుట్టింది. పుట్టిన రోజే... పోయింది.”

“అయ్యో. మరి ఇందాకట్నుంచీ మోకాళ్లంటారేంటండీ?”

“ఇంట్లో ఆ మాట ఎత్తమండీ. మా ఆవిడ తట్టుకోలేదు. తనూ ఇంజనీరే, ఉద్యోగం మానేసింది. గది తలుపేసుకుని ఏవో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటుంది. నేనూ కదిలించను.”

“ఆ రోజు మీరేం చేశారు?”

“నేనా? పక్కనే ఉన్నానండీ. చెయ్యి పట్టుకుని.”

“రోజంతా?”

“రోజంతానే. అంటే... ఆ, రోజంతా.”

“సరే. దాన్నుంచి ఏం నేర్చుకున్నారు?”

“నేర్చుకోవడమంటే...”

“చివరి పేరా దానికేనండీ. ఏడుపొక్కటే సరిపోదు.”

“నాయకుడంటే ముందు నడిచేవాడు కాదు, పక్కన నిలబడేవాడు అని.”

“అబ్బో. ఇప్పుడే తట్టిందా?”

“లేదండీ, ఎప్పుడో ఫోన్లో రాసి పెట్టుకున్నా.”

“ఇందాక వద్దులెండి అన్నారు?”

“అంటే... అడక్కుండానే చెప్తే బావుండదని. ఇప్పుడు ఛాన్సులు పెరిగినట్టేనాండీ?”

“పెరిగేవే. ఒక్క చిక్కుంది. మీరు అప్లై చేసే స్కూలుకే నా దగ్గర్నుంచి ఇలాంటి వ్యాసమొకటి ఇప్పటికే వెళ్లింది.”

“ఇంకెవరికో కూడా పాప పోయిందా? ఏం చేస్తాం, నాది వేరేగా రాద్దాం. ఇంకాస్త గట్టిగా.”

“వేరే పాప కాదండీ.”

“అర్థం కాలేదు.”

“మీరు పాప అనగానే అనుమానమొచ్చి మీ ఫారంలో అడ్రసు చూశాను. పోయిన వారం మీ ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చున్నారు.”

“తనా? నాకొక్క మాటైనా... తనెందుకు... బాగా రాసిందా?”

“నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.”

“అందులో నేనున్నానా?”

“ఉన్నారు, ఒక్క వాక్యంలో. ఆవిడ పాపని ఒళ్లో పెట్టుకుని మీకు ఫోన్ చేస్తుంటే, మీరు టెస్టు హాల్లో ఉన్నారట.”